పదిహేనేళ్ల వయసులో రాసిన నవలలు: మా షాపులో కొత్త పని, కొన్ని షరతులు

మా షాపుకు వచ్చే అందరికీ నమస్కారం. జిరాక్స్, స్పైరల్ బైండింగ్, ప్రాజెక్టు రిపోర్టులు, పెళ్లికార్డుల డీటీపీ ఎప్పటిలాగే నడుస్తాయి. ఈ నెల నుంచి ఇంకో పని చేపడుతున్నాం. హైస్కూల్లోనో ఇంటర్‌లోనో ఉన్నప్పుడు నోట్‌బుక్కుల్లో నవలలు రాసి దాచుకున్నవాళ్లు వాటిని తీసుకొస్తే, టైపు చేసి రెండు కాపీలు తీసి, కుట్టు బైండింగ్ చేసి ఇస్తాం. అసలు నోట్‌బుక్కును కూడా వీలైనంత బాగుచేసి తిరిగి ఇస్తాం. రేట్లు కింద రాశాను. దానికన్నా ముందు ఇది ఎందుకు మొదలుపెట్టామో చెప్పాలి, ఎందుకంటే మా షరతుల్లో ఒకటి చాలామందికి నచ్చదు. మీ నవలను మేం దిద్దం. మీరు ఇప్పుడు దిద్ది తెచ్చినా అప్పుడు రాసిందే టైపు చేస్తాం.

2024 సెప్టెంబరు మొదట్లో మన బెజవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి కదా. నీళ్లు తీశాక జనం సంచుల్లో తడిసిన కాగితాలు మోసుకొచ్చారు. టెన్త్ సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు, పెళ్లి ఆల్బమ్‌లు. అందరిదీ ఒకటే మాట: వెంటనే లామినేషన్ చేసెయ్యండి. మేం చేయలేదు. తడి కాగితాన్ని ప్లాస్టిక్‌లో మూసేస్తే లోపలే బూజు పడుతుంది, మళ్లీ తీయడం ఎవరి వల్లా కాదు. పేజీకీ పేజీకీ మధ్య తెల్లకాగితం పెట్టి, అది తడి పీల్చగానే మారుస్తూ, ఫ్యాను గాలికి ఆరబెట్టాం. ఎండలో పెడితే పని తొందరగా అవుతుంది కానీ కాగితం వంకర్లు పోయి పెళుసుబారుతుంది. షాపులో కాలు పెట్టే చోటు లేదు ఆ రోజుల్లో.

ఆ హడావిడిలో ఒకావిడ దస్తావేజులన్నీ బల్ల మీద పెట్టి, చివర్లో సంచి అడుగు నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్కు తీశారు. "ఇది అంత ముఖ్యం కాదులెండి, వీలైతేనే చూడండి" అన్నారు. మొదటి పేజీలో నవల పేరు, దాని కింద కలం పేరు, ఇంకాస్త కింద "సర్వహక్కులు రచయిత్రివి". వెనక అట్ట మీద "వెల: రూ. 15" అని గళ్లు గీసి మరీ రాసుకున్నారు. ఇంటర్ చదివేటప్పుడు రాశారట. బాల్ పెన్నుతో రాసిన అధ్యాయాలు నిలబడ్డాయి. ఇంకు పెన్నుతో రాసిన చివరి భాగమంతా నీలి మరకలైపోయింది. కథ ఎలా ముగించారో ఆవిడకే గుర్తు లేదు. దస్తావేజుకైతే రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు దొరుకుతుంది. సర్టిఫికెట్టుకైతే డూప్లికేటు ఇస్తారు. ఆ ముగింపుకు ఇంకెక్కడా కాపీ లేదు. నాకు అప్పటినుంచీ అదే మనసులో మెదులుతూ ఉంది.

నా నవలలు కూడా ఉన్నాయి. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ వరకు రాసినవి, అమ్మ ఇనప్పెట్టెలో పాత చీరల అడుగున పెట్టింది కాబట్టి ఉన్నాయి. వరదల తర్వాత అన్నీ బయటికి తీసి మొదటినుంచి చివరిదాకా చదివాను.

మా తరం వాళ్లకు చెప్పక్కర్లేదు, పిల్లల కోసం చెబుతున్నాను. 1980లలో నవల అంటే వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, తర్వాత పుస్తకమై, ఆ తర్వాత అద్దె పుస్తకాల షాపుకు చేరేది. ఈ బెజవాడలో సందుకో అద్దె షాపు ఉండేది. డిపాజిట్ కట్టి, రోజుకింతని ఇచ్చి తెచ్చుకోవాలి. యద్దనపూడి, యండమూరి, మల్లాది, మధుబాబు, ఎవరి కొత్త నవల వచ్చినా దాని కోసం వరసలో మన పేరు చెప్పి ఉంచాలి. అట్ట చిరిగి, దానిమీద బ్రౌన్ పేపరేసి, దాని మీద నంబరు రాసి ఉండేవి ఆ పుస్తకాలు. మధ్యలో ఏదో ఒక ఉత్కంఠ పేజీ ఎవరో చింపేసి ఉండేవాళ్లు. ఆ చిరిగిన పేజీలో ఏముందో ఊహించుకుంటూ ఊహించుకుంటూ సొంతంగా రాయడం మొదలుపెట్టినవాళ్లు నాకు తెలిసి చాలామంది. నేనూ అలాగే మొదలుపెట్టాను.

నా మొదటి నవలలో ప్రతి అధ్యాయం చివర "(సశేషం)" అని ఉంది. ఏ పత్రికా వేయలేదు, వేస్తామని ఎవరూ అనలేదు, అయినా ఉంది. ఎందుకంటే క్లాసులో అది నిజంగానే సీరియల్. సోమవారం ఒక అధ్యాయం ఇస్తే శుక్రవారానికి బెంచీలన్నీ తిరిగి నా దగ్గరికి వచ్చేది. అంచుల్లో పెన్సిలుతో పాఠకుల ఉత్తరాలు. "డాక్టర్ గారిని చంపొద్దు ప్లీజ్" అని ఒకరు రాశారు. తర్వాతి అధ్యాయంలో డాక్టర్ గారు కోలుకున్నారు. ఇప్పుడు చదువుతుంటే నాకు ఆ అధ్యాయం కన్నా ఆ పెన్సిలు మాటే ప్రాణంగా అనిపిస్తోంది. టైపు చేసేటప్పుడు మీ నోట్‌బుక్కు అంచుల్లో అలాంటివి ఉంటే వాటినీ టైపు చేసి, పక్కనే చిన్న అక్షరాల్లో పెడతాం.

రెండో నవల నాయిక హైదరాబాదులో పెద్ద బంగళాలో ఉంటుంది. నేను అప్పటికి హైదరాబాదు చూడలేదు. పోర్టికో, మెట్లు, హాల్లో షాండ్లియర్, అన్నీ చదివిన నవలల్లోంచి వచ్చినవే. కానీ నాయిక రాత్రి నిద్రపట్టక మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తుంది. అక్కడ నుంచి రెండు పేజీలు రాత మారిపోతుంది. గోడకు కిరసనాయిలు స్టవ్వు మసి, మూల రుబ్బురోలు, దాని మీద తడిగుడ్డ కప్పిన పప్పు, కిటికీ ఊచకు వేలాడే కరివేపాకు రెమ్మ, తలుపు తీస్తే కిర్రుమని అత్తమ్మ లేస్తుందేమోనని పట్టుకుని మెల్లగా తోయడం. షాండ్లియర్ ఉన్న బంగళాలో ఆ వంటిల్లు ఎలా ఉంటుంది? ఉండదు. అది సత్యనారాయణపురంలో మేం అద్దెకున్న ఇంటి వంటిల్లు. ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. ఆ వంటింటి ఫొటో ఒక్కటి లేదు మా దగ్గర. ఫొటోలు పెళ్లిళ్లకే తీసేవాళ్లం, అదీ హాల్లో.

ఇప్పుడు నేను దాన్ని దిద్దాననుకోండి. బుద్ధిగా ఆలోచించి, బంగళాకు తగ్గట్టు వంటింటిని మారుస్తాను. కథకు అదే సబబు. అంటే ఆ నవలలో నిజమైన రెండు పేజీలనూ తీసేస్తాను. దిద్దొద్దని మేం పట్టుబట్టేది ఇందుకే. నలభై, యాభై దాటిన చేతికి తప్పులుగా కనబడేవాటిలోనే ఆ వయసు ఉంది. అప్పటి బస్సు చార్జీ, సినిమా టికెట్టు ధర, అమ్మ మాటను యథాతథంగా పెట్టేసిన సంభాషణ, "వొచ్చింది", "యెందుకు" అని రాసుకున్న అక్షరాలు. వాటిని చక్కదిద్దితే మిగిలేది ఒక మామూలు నవల. మామూలు నవలలు బజారులో చాలా ఉన్నాయి.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ పదకొండు, పన్నెండేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా రాసినవాటిని తానే మూడు నోట్‌బుక్కుల్లో శుభ్రంగా తిరగరాసుకుంది. వాటిలో చాలావరకు ఇంట్లోవాళ్లకో బంధువులకో స్నేహితులకో అంకితం. మన పిల్లలు మొదటి పేజీలో అంకితం రాసుకున్నట్టే. 1790లో, పద్నాలుగేళ్లప్పుడు రాసిన ఒకదాని పేరులోనే స్పెల్లింగు తప్పుంది. 1922లో మొదటిసారి అచ్చు వేసినప్పుడు ఆ తప్పును అలాగే ఉంచారు. ఇప్పటికీ ఆ పుస్తకం అదే స్పెల్లింగుతో అమ్ముతున్నారు.

బైండింగ్ పనిలో ఉన్నదాన్ని కాబట్టి నాకు ఇంకా ఇష్టమైంది అక్కడి ఇంకో నవలా రచయిత్రి షార్లట్ బ్రాంటే సంగతి. 1830లో, పద్నాలుగేళ్ల వయసులో, తమ్ముడి బొమ్మ సైనికులు చదువుకోవడానికని దాదాపు అగ్గిపెట్టె అంత చిన్న పత్రికలు చేసింది. అచ్చు అక్షరాల్లా కనబడేలా సన్నగా చేత్తో రాసి, మడిచి, దారంతో కుట్టింది. వాటిలో ఒకదాన్ని 2019లో పారిస్ వేలంలో బ్రాంటే మ్యూజియం వాళ్లు 6 లక్షల యూరోలు పెట్టి కొని ఇంటికి తెచ్చుకున్నారు. మన నోట్‌బుక్కులకు అంత ధర వస్తుందని చెప్పడం లేదు. రెండు వందల ఏళ్లకు దగ్గరవుతున్నా ఆ కుట్టు నిలిచి ఉంది చూడండి, నేను చెప్పేది అది. కాగితం, దారం, జిగురు సరిగ్గా ఉంటే పుస్తకం మనకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది.

మన దగ్గర మాత్రం ఈ రాతలు నిలిచింది చాలా తక్కువ. కొన్ని పత్రికలకు పంపేవాళ్లం. కాగితానికి ఒకవైపే రాయాలి, ఇది నా సొంత రచన, అనువాదమో అనుకరణో కాదని హామీపత్రం జతచేయాలి, తిప్పి పంపడానికి తగిన స్టాంపులు పెట్టాలి. స్టాంపులకు డబ్బుల్లేక పెట్టనివాళ్ల రాతప్రతి తిరిగి వచ్చేది కాదు. వేరే కాపీ ఉండేది కాదు. జిరాక్స్ అప్పట్లో పిల్లల స్తోమతకు మించిన ఖర్చు. ఆడపిల్లలకైతే పెళ్లయి వెళ్లేటప్పుడు నోట్‌బుక్కులు పుట్టింట్లో అటక మీద ఉండిపోయేవి. ఆ తర్వాత ఇల్లు మారినప్పుడల్లా పాతపేపర్లవాడి తక్కెడలోకి వెళ్లాయి. మా షాపుకు వచ్చేవాళ్లలో అలా చెప్పినవాళ్లు ఎంతమందో. అందుకే రెండు కాపీలు అంటున్నాం. ఒకటి మీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న మీవాళ్ల ఇంట్లో పెట్టుకోండి.

ఇక పని సంగతి. చేతిరాత పేజీకి టైపింగ్ 35 రూపాయలు. తక్కువేం కాదని తెలుసు. అచ్చయిన తెలుగు పేజీనైతే ఫోనే చదివేస్తోంది కానీ, పెన్సిలు కొట్టివేతలతో నిండిన పాత చేతిరాతను ఇంకా మనిషే చదవాలి. మా దగ్గర టైపు చేసే అమ్మాయి ఒక్కో పేజీని రెండుసార్లు సరిచూస్తుంది. యూనికోడ్‌లోనే చేస్తాం, కాబట్టి ఫైలు మీ ఫోనులో తెరుచుకుంటుంది, పిల్లలకు వాట్సాప్‌లో పంపుకోవచ్చు. గతంలో మా దగ్గరే 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలో చేయించుకున్న ఫైళ్లు ఫోనులో తెరిస్తే పిచ్చిగీతల్లా వస్తున్నాయని కొందరు అడిగారు. అవి తెస్తే మార్చి ఇస్తాం, దానికి డబ్బు తీసుకోం.

కుట్టు బైండింగ్, కాలికో గుడ్డ అట్ట, కాపీకి 280 రూపాయలు. కాగితం ధర విడిగా. ఇక్కడ ఉన్నమాట చెబుతాను. 2025 సెప్టెంబరు 22 నుంచి నోట్‌బుక్కుల మీద జీఎస్టీ తీసేశారు, మంచిదే. కానీ మేం ప్రింటుకు కొనే కాగితం మీద 12 నుంచి 18 శాతమైంది. మాలాంటి చిన్న షాపుకు ఆ పన్ను తిరిగి రాదు. కొన్నాళ్లు మేమే భరించాం. ఇక కుదరడం లేదు. స్పైరల్ బైండింగ్ రేటు కూడా ఈ నెల నుంచి పది రూపాయలు పెరుగుతుంది. విద్యార్థుల ప్రాజెక్టులకు మాత్రం పాత రేటే.

అసలు నోట్‌బుక్కుకు చేసే మరమ్మతు ఇలా ఉంటుంది. తుప్పు పట్టిన పిన్నులు తీసేసి, అవే రంధ్రాల్లోంచి నూలు దారంతో కుడతాం. వెన్ను అంటించడానికి మైదా ఉడికించి, పురుగు పట్టకుండా కొంచెం మైలుతుత్తం కలిపిన జిగురు వాడతాం. మా బైండింగ్ బాబాయి గారు దాన్ని రోజూ పొద్దున్నే తాజాగా కాస్తారు, నిన్నటిది ముట్టుకోరు. సెల్లోటేపు వేయం. పదేళ్లకు అది పసుపు మరకై, అక్షరాల్ని తినేసి, తను మాత్రం ఊడిపోతుంది. ఇప్పటికే టేపు వేసి ఉంటే ఇంట్లో పీకొద్దు, అక్షరాలు దాంతోపాటు లేచొస్తాయి.

టైం ఎక్కువ పడుతుంది. బాబాయి గారికి అరవై దాటింది, రోజుకు చేయగలిగినంతే చేస్తారు. ఆయన్ను తొందరపెట్టడం నాకిష్టం లేదు. వంద పేజీల నోట్‌బుక్కుకు నెల రోజులు అనుకోండి. పుట్టినరోజుకో షష్టిపూర్తికో బహుమతిగా ఇవ్వాలనుకునేవాళ్లు రెండు నెలల ముందే తెచ్చివ్వండి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) పెట్టిస్తారా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అది కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, కానీ అమ్మకానికి వేసే పుస్తకాలకు కావాలి. ఇంట్లో దాచుకునే రెండు కాపీలకు అవసరం లేదు. మేం ప్రచురణకర్తలం కాము. మీ నవలను ఎక్కడా పెట్టం, ఎవరికీ చూపించం, మీరు తీసుకెళ్లాక ఫైలు కూడా మా కంప్యూటరులో ఉంచం. అందులో ఆనాటి స్నేహితుల, గురువుల అసలు పేర్లు ఉంటాయని నాకు తెలుసు.

ఇప్పుడు స్కూల్లో, కాలేజీలో ఉండి ఫోనులోనే నవలలు రాస్తున్న పిల్లలకు ఒక మాట. మీది టైపింగ్ పని ఉండదు కాబట్టి ప్రింటు, బైండింగ్ ఖర్చే. అందులోనూ సగమే తీసుకుంటాం. ఫోను పోయినా, యాప్ మూతబడినా, పాస్‌వర్డు మర్చిపోయినా మీ చేతిలో ఒకటి ఉండాలి. మీ ఫైలులో రాసిన తేదీ కూడా పెట్టండి, మొదటి పేజీలో వేస్తాం.

ఆదివారం సెలవు. జనవరిలో పుస్తక మహోత్సవం జరిగే రోజుల్లో సాయంత్రం ఐదింటికే షాపు కట్టేస్తాం, మేమూ వెళ్లాలి. నోట్‌బుక్కులు తెచ్చేటప్పుడు రబ్బరు బ్యాండు వేయకుండా పాత దిండుగలీబులో పెట్టి తెండి. పేజీలు ఊడిపోయి ఉంటే ఎలా ఉన్నాయో అలాగే తీసుకురండి, వరస సర్దొద్దు. ఇంకు మరకలు, తుప్పు మచ్చలు ఎదుటి పేజీ మీద ఎక్కడ పడ్డాయో చూసి ఏది దేని పక్కనుండేదో బాబాయి గారు చెప్పేస్తారు.