జూన్ నుంచి ఆగస్టు దాకా మా షెడ్డులో సర్వీసు చేయించుకున్న కార్ల ఆయిల్ ఫిల్టర్ల గురించి

విజయనగరం టౌన్ నుంచే కాకుండా నెల్లిమర్ల, గజపతినగరం, చీపురుపల్లి, బొబ్బిలి నుంచి కూడా పనిగట్టుకుని మా షెడ్డుకే కారు తెచ్చుకునే వాళ్ళందరికీ నమస్కారం.

సూటిగా చెప్పేస్తున్నాను. ఈ ఏడాది జూన్ మొదటి వారం నుంచి ఆగస్టు నెలాఖరు దాకా పెట్రోల్ కార్లకి మేము బిగించిన డబ్బా రకం ఆయిల్ ఫిల్టర్లలో కొన్ని నకిలీవి. అట్టపెట్టె, స్టిక్కరు, పార్ట్ నంబరు, రంగు, అన్నీ కంపెనీ సరుకులాగే ఉన్నాయి. లోపల ఉన్నది మాత్రం కంపెనీది కాదు. ఆ మూడు నెలల్లో ఫిల్టర్ మార్చిన ప్రతి పెట్రోల్ కారుకీ మా ఖర్చుతో కొత్తది వేస్తాం. కొన్నింటికి ఆయిల్ కూడా మారుస్తాం. ఏ కార్లకి, ఎందుకు అన్నది కింద విడమరిచి రాస్తున్నాను. ఊళ్ళో ఈ మాట ఇప్పటికే ఇంకో రకంగా తిరుగుతోంది కాబట్టి అసలు సంగతి మా నోటి నుంచే మీకు తెలియాలి.

డీజిల్ కార్ల వాళ్ళు కంగారు పడక్కర్లేదు. వాటి ఫిల్టర్లు మాకు వేరే చోటు నుంచి వస్తాయి. స్టాకులో ఉన్నవి కూడా విప్పి చూశాం, బాగున్నాయి. ఎయిర్ ఫిల్టర్లు, ఏసీ ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, ప్లగ్గులు, వీటిలో ఏదీ ఈ నకిలీ ఫిల్టర్లు అమ్మిన సప్లయర్ దగ్గర కొన్నది కాదు.

సంగతి బయటపడింది ఇలా. సర్వీసు అయిన కొన్ని వారాలకే ఒక కారు పొద్దున్న మొదటి స్టార్టులో రెండు మూడు సెకన్లు గలగలమని శబ్దం చేస్తోందని వచ్చింది. ఆయిల్ లెవెల్ సరిగ్గా ఉంది, గ్రేడ్ సరైనదే. ఫిల్టర్ విప్పి కోశాం. రంపంతో కోస్తే ఇనుప రజను లోపల పడుతుంది, అప్పుడు ఏది ఫిల్టర్ పట్టిన మురికో ఏది మన రజనో తేలదు. అందుకే పైపు కట్టర్‌లాగా చుట్టూ తిరిగే ఫిల్టర్ కట్టర్‌తో కోశాం. తర్వాత స్టాకులో మిగిలినవి, పాతదే అయినా అసలైన కంపెనీ ఫిల్టర్ ఒకటి పక్కపక్కన పెట్టి కోసి చూశాం.

అసలు దాంట్లో కాగితం మడతలు సమానమైన ఎడంతో వరసగా ఉన్నాయి. నకిలీ దాంట్లో ఒక పక్క మడతలు ఒకదానికొకటి అతుక్కుని, ఇంకో పక్క వేలు దూరేంత ఖాళీ. కొన్నింట్లో మడతల రెండు కొసలనీ కలిపే జిగురు పూర్తిగా పట్టలేదు, గోటితో లాగితే విడిపోయింది. కింద ఉండే స్ప్రింగు పల్చటి రేకు. అది కాగితం గుత్తిని పైకి అదిమి పట్టుకోవాలి, కానీ డబ్బా ఊపితే లోపల గుత్తి కదులుతోంది. అంటే ఆయిల్ కాగితంలోంచి కాకుండా పక్క సందులోంచి దాటిపోవడానికి దారి ఉంది. రబ్బరు వాల్వు మరీ అన్యాయం. కంపెనీది వంచి వదిలితే వెంటనే యథాస్థితికి వస్తుంది. దీన్ని వంచితే అలాగే ఉండిపోయింది, అంచు వెంట సన్నటి పగుళ్ళు.

ఈ రబ్బరుకి ఎందుకింత పట్టింపు అంటే, ఇంజన్ ఆపాక ఫిల్టర్లో ఉన్న ఆయిల్ కింది ఛాంబర్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి జారిపోకుండా ఆపేది అదే. ఫిల్టర్ అడ్డంగానో ఏటవాలుగానో బిగించే ఇంజన్లలో దాని పని మరీ ముఖ్యం. రబ్బరు సరిగ్గా మూయకపోతే రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు పంపు ముందు ఖాళీ ఫిల్టర్‌ని నింపాలి, ఆ తర్వాతే పైకి ప్రెషర్ వెళ్తుంది. ఇంజన్ వాల్వుల్ని సమయానికి నడిపే టైమింగ్ చైన్‌ని బిగువుగా పట్టే టెన్షనర్ చాలా ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది. ప్రెషర్ అందే దాకా చైన్ వదులుగా కొట్టుకుంటుంది. మీరు విన్న గలగల అదే. రెండు సెకన్ల శబ్దంతో ఇంజన్ ఆ రోజే పాడైపోదు. కానీ నెలల తరబడి ప్రతి పొద్దున్నా ఇదే జరిగితే చైన్, గైడు, బేరింగులు అరగాల్సిన దానికంటే ముందే అరుగుతాయి.

బైపాస్ వాల్వు సంగతి ఇంకోటి. కాగితం మూసుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా ఇంజన్ ఎండిపోకుండా ఆ వాల్వు తెరుచుకుని వడపోత లేకుండానే ఆయిల్ పంపిస్తుంది. ఇంజన్‌కి ఆయిల్ లేకపోవడం కంటే మురికి ఆయిల్ నయం కాబట్టి ఆ ఏర్పాటు. దాని స్ప్రింగు బలహీనంగా ఉంటే కాగితం శుభ్రంగా ఉన్నా తెరుచుకునే ఉంటుంది. ఫిల్టర్ ఉన్నట్టే ఉంటుంది, వడపోత మాత్రం జరగదు.

ఇక సప్లయర్ సంగతి. ఆ షాపుతో మా లావాదేవీ ఈనాటిది కాదు. ఎన్నడూ పైసా బాకీ పెట్టలేదు, సరుకు అందిన రోజే డబ్బు కట్టాం. కోసిన ఫిల్టర్లు బల్ల మీద పెట్టి చూపిస్తే వచ్చిన జవాబు, "మిగతా షెడ్ల వాళ్ళెవరూ ఏమీ అనలేదు, మీరే పెద్దది చేస్తున్నారు" అని. తర్వాత, మిగిలిన స్టాకు వెనక్కి తీసుకుని లెక్కలో తగ్గిస్తామన్నారు. మీ కార్లలో ఇప్పటికే బిగించిన వాటి గురించి ఒక్క మాట లేదు. ఈ సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమంటే అదీ లేదు. నకిలీ బ్రాండు సరుకు అమ్మడం 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం కింద జైలు శిక్ష పడే నేరం, అది వాళ్ళకి తెలియని సంగతి కాదు. మిగిలిన స్టాకు నేను వెనక్కి ఇవ్వలేదు. ఇస్తే అది ఇంకో షెడ్డుకి, ఇంకో కారుకి చేరుతుంది. కొన్ని శాంపిళ్ళు పెట్టెలతో సహా, వాళ్ళిచ్చిన బిల్లుల కాపీలతో సహా, ఎవరి పేరు మీద ఈ నకిలీ తయారైందో ఆ కంపెనీకే పంపాం. మిగతావన్నీ డబ్బాకి చిల్లు పొడిచి మళ్ళీ ఎవరూ వాడలేకుండా చేశాం. ఆ షాపు నుంచి ఇకమీద ఒక్క వాషర్ కూడా మా షెడ్డులోకి రాదు. సర్దుకుపొమ్మని మధ్యవర్తులు కబురు పెడుతున్నారు. వాళ్ళకి కూడా ఇదే నా జవాబు.

"ఏదో ఒక రోజు సర్వీసుకి వస్తారు కదా, అప్పుడు మార్చేయండి, చాటింపు ఎందుకు" అని చెప్పిన వాళ్ళూ ఉన్నారు. దాని మీద ఆలోచించాల్సింది ఏమీ లేదు. బిల్లు మా షెడ్డు పేరు మీద ఇచ్చాం. నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరే: ఫిల్టర్ ఒక్కటే మారిస్తే చాలా, ఆయిల్ కూడా మార్చాలా?

అందరికీ ఆయిల్ మార్చేస్తే ఏ ప్రశ్నా ఉండదు. కానీ చిన్న పెట్రోల్ కారుకి మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్ పడుతుంది. చాలా కార్లు ఆ ఆయిల్ మీద రెండు మూడు వేల కిలోమీటర్లే తిరిగాయి. ఆయిల్‌లో కలిపిన మందులు ఫిల్టర్ చెడ్డదైనంత మాత్రాన చెడిపోవు. వడపోత జరగక తేలుతున్న మురికిని మంచి ఫిల్టర్ పడగానే అది పట్టుకుంటుంది. ఆ లెక్కన ఫిల్టర్ చాలు. ఇంకో వైపు, జిగురు విడిపోయిన ఫిల్టర్ అయితే కాగితం పీచు ఆయిల్‌లో కలిసి ఉండొచ్చు. ఆ పీచు వాల్వు టైమింగ్ మార్చే ఆయిల్ కంట్రోల్ వాల్వు దగ్గరుండే సన్నటి జాలీలో ఇరుక్కుంటే కారు పికప్ పడిపోతుంది, ఇంజన్ లైటు వెలుగుతుంది. అక్కడ ఆయిల్ ఉంచేయడం తప్పు. అందరికీ ఒకే మందు వేస్తే అటు వృథా అవుతుంది, ఇటు ప్రమాదం మిగులుతుంది. అందుకని ప్రతి కారు ఫిల్టర్‌నీ మీ ఎదురుగానే కోసి, దాన్ని బట్టి తేల్చాలని నిర్ణయించాం.

కోసి చూస్తే అసలు ఫిల్టరే అని తేలినా, కొత్తది ఎలాగూ ఉచితమే. నకిలీదే అయి, కాగితం చిరగకుండా, జిగురు విడిపోకుండా ఉంటే ఫిల్టర్ మారుస్తాం. అది విప్పినప్పుడు పోయే పావు లీటరు దాకా ఆయిల్‌ని మీ బిల్లులో ఉన్న గ్రేడుతోనే నింపుతాం. 5డబ్ల్యూ-30 వేసిన దాంట్లో 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 వేసిన దాంట్లో అదే. కాగితం చిరిగినా, జిగురు వదిలినా మొత్తం ఆయిల్ దించి కొత్తది పోస్తాం, వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి ఫిల్టర్ మారుస్తాం. రెండూ ఉచితం. ఆ నకిలీ ఫిల్టర్ మీద 5,000 కిలోమీటర్లు దాటి తిరిగిన కార్లకి కాగితం ఎలా ఉన్నా ఆయిల్ మారుస్తాం. ఆయిల్ మార్చిన కార్లకి తర్వాతి సర్వీసు ఆ రోజు నుంచే లెక్క: 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. టౌన్‌లో రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేసే కార్లకి ఏడాది లెక్కే అసలైన లెక్క. ఇంజన్ పూర్తిగా వేడెక్కే లోపే ఆగిపోతే ఆయిల్‌లో చేరిన తేమ, పెట్రోల్ ఆవిరై పోవు. మీటరు నాలుగు వేలే చూపిస్తున్నా ఆ ఆయిల్ మార్చాల్సిందే.

బిగించే పద్ధతి మా దగ్గర ఎప్పటిదే. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కి అంటుకుపోలేదని వేలితో తడిమి చూస్తాం. అది ఉండగా కొత్తది బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ మొత్తం రోడ్డు పాలవుతుంది. కొత్త రింగుకి ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, రింగు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు. పానా పెట్టి బిగించం. డ్రెయిన్ బోల్టు విప్పిన కార్లకి కొత్త వాషర్ వేసి టార్క్ పానాతో బిగిస్తాం. అల్యూమినియం ఛాంబర్ మర ఒకసారి పోతే ఛాంబరే మార్చాల్సి వస్తుంది. తర్వాత స్టార్ట్ చేసి లీకు చూసి, ఆపి, అయిదు నిమిషాలు ఆగి గేజ్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) చూపిస్తాం. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి, పై గుర్తు దాటకూడదు.

వచ్చే లోపు మీరు గమనించాల్సినది ఒకటే. తాళం తిప్పగానే ఎర్రటి ఆయిల్ లైటు వెలగడం మామూలే, ఇంజన్ అందుకున్నాక ఒకటి రెండు సెకన్లలో ఆరిపోవాలి. అంతకంటే ఎక్కువ సేపు ఉన్నా, పొద్దున్న గలగల విన్నా మీ కారు ముందు చూస్తాం, ఫోన్ చేసి వచ్చేయండి. స్టార్ట్ చేసిన వెంటనే యాక్సిలరేటర్ తొక్కకండి. నడుస్తుండగా ఆ లైటు వెలిగితే మాత్రం పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి. ఇల్లు దగ్గరే కదా అని నడపొద్దు. మేమే బండి పంపి తెచ్చుకుంటాం, దానికి మీ దగ్గర తీసుకోం.

మా దగ్గర సర్వీసు చేయించుకుని తిరిగి హైదరాబాద్, బెంగళూరు వెళ్ళిపోయిన వాళ్ళు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఊరొచ్చే దాకా ఆగక్కర్లేదు. అక్కడ కంపెనీ సర్వీసు సెంటర్లో ఫిల్టర్ మార్పించుకుని బిల్లు ఫోటో పంపండి, డబ్బు పంపిస్తాం. పాత ఫిల్టర్ పారేయకుండా కవర్లో కట్టి ఉంచండి, వచ్చినప్పుడు కోసి చూద్దాం.

ఇకమీద ఫిల్టర్లు విశాఖలో కంపెనీ అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొంటాం, జీఎస్టీ బిల్లు మీదే. ప్రతి లాటులో ఒకటి కోసి చూశాకే మిగతావి వాడతాం. దీనివల్ల ఫిల్టర్ మీద మీకు 40 రూపాయల దాకా ఎక్కువ పడుతుంది. అది దాచను, తగ్గించను కూడా. లేబర్ పెంచడం లేదు. కావాల్సిన నంబరు లేకపోతే కారు ఒక రోజు ఆగాలి. దగ్గర్లో ఏది దొరికితే అది తెచ్చి వేసే పని ఇక లేదు. పెట్టె మీ ముందే తెరుస్తాం, పాత ఫిల్టర్, పాత ప్లగ్గులు అడగకపోయినా మీ చేతికిస్తాం.

చాలామందికి నచ్చని మాట కూడా ఒకటి చెప్పాలి. బయట కొని తెచ్చిన ఆయిల్ ఫిల్టర్లు ఇకమీద బిగించం. ఆయిల్ డబ్బా తెచ్చుకోవచ్చు, సీలు విప్పకుండా ఉండాలి, గ్రేడు మీ కారు మాన్యువల్లో రాసినదే కావాలి. ఫిల్టర్ మాత్రం మేము కొన్నదే. పది, ఇరవై ఏళ్ళుగా వస్తున్న వాళ్ళకి కూడా ఇందులో మినహాయింపు లేదు, దయచేసి అడగొద్దు.

ఫిల్టర్ మార్పు పనికి ఉదయం 8 నుంచి 10 దాకా విడిగా సమయం పెట్టాం, మామూలు సర్వీసులు ఆ తర్వాత మొదలవుతాయి. ఈ పని అయ్యే దాకా ఆదివారం కూడా షెడ్డు తెరిచే ఉంటుంది. వచ్చేటప్పుడు పాత బిల్లు తెండి, లేకపోయినా కారు నంబరు చెబితే మా రిజిస్టర్‌లో చూస్తాం. పొద్దున్న మొదటి స్టార్టు శబ్దం మేమే వినాలనుకుంటే ముందు రోజు రాత్రి కారు షెడ్డులో వదిలి వెళ్ళండి.