నీల్ ఎథరిడ్జ్ ప్రసంగానికి తోడ్పడిన అందరికీ కృతజ్ఞతలు

సికింద్రాబాద్‌లో మా మైదానానికి వచ్చే చిన్న గోల్‌కీపర్లకు ఫిలిప్పీన్స్ ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్‌గా పేరుపొందిన నీల్ ఎథరిడ్జ్ క్రీడాజీవితాన్ని తెలుగులో వివరించాలనుకుంటున్నానని, పౌరసత్వ నిబంధనల దగ్గర ఆగిపోయానని, తెలిసినవారు సాయం చేయాలని ఇక్కడ కోరినప్పుడు ఇంతమంది ముందుకు వస్తారని నేను ఊహించలేదు. ఆ ప్రసంగం గత ఆదివారం సాయంత్రం జరిగింది. పిల్లలతోపాటు తల్లిదండ్రులు కూడా చివరిదాకా కూర్చుని విన్నారు. అందుకు కారకులైన వారికి పేరుపేరునా ఫోన్లో ధన్యవాదాలు చెప్పాను గానీ, వారు చేసిన మేలు నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

మా దగ్గర శిక్షణ పొందుతున్న ఒక బాబు అమెరికాలో పుట్టాడు. అతనికి ఆ దేశపు పాస్‌పోర్టు, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నాయి. తాను భారత జట్టుకు ఆడవచ్చా అని అతను అడిగిన ప్రశ్నతోనే ఈ ప్రయత్నం మొదలైంది.

నాంపల్లి కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాది గారు ఒక సాయంత్రమంతా నాకోసం కేటాయించి ఈ విషయం విడమరచి చెప్పారు. స్వచ్ఛందంగా వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవారు భారత పౌరులు కాజాలరని మన రాజ్యాంగం 9వ అధికరణం చెబుతోంది. ఓసీఐ కార్డు రాకపోకలకు, నివాసానికి వీలు కల్పిస్తుందే తప్ప పౌరసత్వం కాదు. జాతీయ జట్లలో భారత పాస్‌పోర్టు ఉన్నవారే ఆడాలని కేంద్రం 2008లో నిర్ణయించింది. అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదని కూడా ఆయన చూపించారు. ఓసీఐగా నమోదై ఐదేళ్లు గడిచి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ నివసించినవారు, తమ పాత పౌరసత్వాన్ని వదులుకునే షరతు మీద భారత పౌరులు కావచ్చు. జపాన్ పౌరసత్వాన్ని వదులుకుని మన జట్టుకు ఆడిన అరాటా ఇజుమీ గురించి, 2025లో ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకున్న ర్యాన్ విలియమ్స్ గురించి నేను పిల్లలకు నమ్మకంగా చెప్పగలిగానంటే అది ఆయన చలవే.

ఎథరిడ్జ్‌కు అలాంటి త్యాగం అవసరం కాలేదు. ఆయన 1990లో ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో పుట్టారు. తండ్రి ఆంగ్లేయుడు, తల్లి ఫిలిప్పీన్స్ దేశస్థురాలు. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు తమ పౌరులైనా బిడ్డ కూడా పౌరుడేనని ఫిలిప్పీన్స్ 1987 రాజ్యాంగం అంగీకరిస్తుంది. ఇంగ్లండ్ అండర్-16 జట్టుకు ఆడిన కుర్రవాడు 2008లో ఫిలిప్పీన్స్ సీనియర్ జట్టులో ఎలా చేరగలిగాడన్న సందేహాన్ని మా విశ్రాంత రిఫరీ గారు తీర్చారు. పౌరసత్వం ఒకటి, ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన ఫిఫా దృష్టిలో ఒక దేశానికి ఆడే అర్హత మరొకటి అని, సీనియర్ స్థాయిలో అధికారిక పోటీ ఆడిన తర్వాతే ముడి గట్టిగా బిగుస్తుందని, 2020లో ఆ ముడిని కూడా కొంత సడలించారని ఆయన చెప్పారు. ఇరవై ఒకటో ఏడు నిండక ముందు మూడుకు మించి సీనియర్ మ్యాచులు ఆడనివారు, ఆఖరి మ్యాచ్ ఆడి మూడేళ్లు గడిస్తే, కొన్ని ఇతర షరతులకు లోబడి దేశం మారవచ్చు.

ఫిలిప్పీన్స్‌లోని దావావ్ నగరంలో వైద్యవిద్య చదువుతున్న మల్కాజిగిరి అమ్మాయికి నేను ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను. పరీక్షల ఒత్తిడిలో కూడా ఆమె తన సహాధ్యాయులను కూర్చోబెట్టి, తగలోగ్ అనే అక్కడి భాషలోని సంభాషణలను నాకు వివరించింది. 2010 డిసెంబరులో హనోయ్‌లో అప్పటి ఆగ్నేయాసియా ఛాంపియన్ వియత్నాంను ఫిలిప్పీన్స్ 2-0తో ఓడించిన రోజు గోల్‌పోస్టుల మధ్య నిలబడింది ఎథరిడ్జే. ఆ విజయం అక్కడి ఫుట్‌బాల్‌కు ఎంత ముఖ్యమో ఆమె మిత్రుల మాటల్లో విన్నాకే నాకు పూర్తిగా అర్థమైంది.

పిల్లలు అన్నిటికంటే శ్రద్ధగా విన్నది మాత్రం ఆయన నిరీక్షణ గురించి. గోల్‌కీపర్ స్థానం జట్టుకు ఒక్కటే కాబట్టి రెండోవాడు నెలల తరబడి బెంచి మీదే ఉండిపోతాడు. ఇంగ్లండ్ క్లబ్బు ఫుల్‌హామ్‌లో ఏళ్లు గడిపినా 2011లో ఒక యూరోపా లీగ్ మ్యాచుతో గానీ ఎథరిడ్జ్‌కు సీనియర్ జట్టులో అవకాశం రాలేదు. తర్వాత కింది డివిజన్లలో, వాల్సాల్ వంటి క్లబ్బులో నిలదొక్కుకుని, 2017లో కార్డిఫ్ సిటీకి చేరారు. 2018 ఆగస్టులో ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో ఆడిన తొలి ఫిలిప్పీన్స్ ఆటగాడయ్యారు, ఆడిన మొదటి రెండు మ్యాచుల్లోనూ పెనాల్టీలు ఆపారు. రెండోది న్యూకాజిల్ మీద, ఆట చివర కలిపిన అదనపు నిమిషాల్లో. 2019 జనవరిలో తన దేశం మొట్టమొదటిసారి ఆసియా కప్ ఫుట్‌బాల్ ఆడుతుంటే ఆయన క్లబ్బు దగ్గరే ఉండిపోవలసి వచ్చింది. రెండు దేశాల మధ్య నడిచే జీవితంలో ఇదే కష్టమైన ఘట్టమని నా అభిప్రాయం.

చివరగా, పీటర్ తంగరాజ్ ఆటను కళ్లారా చూసిన బొల్లారం పెద్దాయన గారికి నమస్కారాలు. సికింద్రాబాద్ క్లబ్బుల్లో మొదలై 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో నిలిచిన మన గోల్‌కీపర్ గురించి ఆయన చెబుతుంటే పిల్లలు కదలలేదు. ప్రసంగ పాఠం ప్రతులు మా మైదానం ఆఫీసులో ఉంచాం. ఇతర కోచ్‌లు, తల్లిదండ్రులు ఎవరైనా వచ్చి ఉచితంగా తీసుకోవచ్చు.