పదహారో సెకనులో ఏముంది?

తల్లిదండ్రులకు నమస్కారం.

గురువారం నుంచి మన ఊళ్లో తిరుగుతున్న పదిహేను సెకన్ల వీడియో నాకూ వచ్చింది, ఏడుగురి దగ్గర్నుంచి. అందులో సోషల్ మాస్టారు స్మార్ట్ బోర్డు ముందు నిలబడి "మన పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోది" అంటారు. వీడియో అక్కడితో అయిపోతుంది. మన ఊరు ఒడిశాది కాదన్నారని గొడవ. పదహారో సెకనులో ఆయన అడిగింది "ఎప్పటిదాకా?" అని. పిల్లలందరూ ఒక్క గొంతుతో "1936 మార్చి 31 దాకా" అన్నారు. ఆ మర్నాడే ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయింది. ఏప్రిల్ 1న ఉత్కళ దివస్ సెలవు తీసుకునేది అందుకే. సరిహద్దు గీత పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేసింది. మన ఊరు ఇటు ఒడిశాలోకి వచ్చింది, పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్రలో ఉండిపోయింది. మీలో చాలామందికి వియ్యాలవారు అటువైపే కదా, ఇందులో గొడవేముంది? క్లాసులో ఫోన్ తీసిన పిల్లవాడితో మాట్లాడాను. ఫోన్ ఇచ్చి పంపినవారితో ఇంకా మాట్లాడలేదు.

నేను చదువుకునే రోజుల్లో సోషల్ అంటే గోడకి వేలాడే చిరిగిన పటం, బెత్తం. ఇప్పుడు ఇస్రో వారి భువన్ అనే పటాల సైటులో పిల్లలు వంశధారని కొండల నుంచి సముద్రం దాకా వేలితో వెంబడిస్తున్నారు. మంచిదే. కానీ బోర్డు చూపించింది బయటికెళ్లి సరిచూసుకోకపోతే అది సినిమాతో సమానం. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకర్తె గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు తిప్పి, బడి వెనక చెరువు చిక్కిపోయిందని కనిపెట్టింది. అక్కడితో ఊరుకోలేదు. మామ్మని గట్టు మీదికి తీసుకెళ్లి, "నీ చిన్నప్పుడు నీళ్లు ఎందాకా వచ్చేవి?" అని అడిగి, ఆవిడ చూపించిన చింతచెట్టు నుంచి నీటి అంచు దాకా బావి చేంతాడుతో కొలిచింది. ముడికో మూర చొప్పున లెక్క రాసుకొచ్చిన ఆ నోటు బుక్కు, బురద మరకలతో సహా, నా టేబుల్ మీదే ఉంది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాను. గిడుగు రామమూర్తి గారు ఇక్కడి కొండల్లోని గిరిజనుల సవర భాష నేర్చుకున్నది ఈ ఊళ్లో మాస్టారుగా ఉంటూనే. తర్వాత దానికి నిఘంటువూ కట్టారు. ఆయన కూడా మనుషుల్ని అడిగే నేర్చుకున్నారు.

ఇక ప్రాజెక్టులు. తొమ్మిదో తరగతిలో ఆరుగురివి అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయి. ఒక దాని చివర "ఇంకేమైనా సహాయం కావాలా?" అని కూడా ఉంది. ఏఐ రాసిందని తెలియడానికి నాకు కంప్యూటర్ అక్కర్లేదు. చేతిరాత మాత్రం, క్షమించాలి, అమ్మలదే. మీ శ్రమకి ధన్యవాదాలు, మార్కులు మాత్రం వేయలేను. రాత్రి పదకొండు దాటాక పిల్లల చేతిలో ఫోన్ ఎందుకుందో కూడా ఒకసారి చూసుకోండి.



పూర్తి పాఠం చూడాలనుకునేవారు శనివారం మూడింటికి రండి, మాస్టారు మళ్లీ చెబుతారు. ఫోన్లు ఆఫీసు గదిలో పెట్టి లోపలికి రావాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు