ఖాళీ కుండీ అని పారబోయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా మే నెల రాగానే పేపర్లలో జిల్లా పేజీలో మే పువ్వు ఫొటో పడుతుంది. ఎర్రటి బంతిలాంటి పువ్వు, ఫలానా వారి పెరట్లో పూసిందని కింద రెండు వాక్యాలు. చూసినప్పుడల్లా నాకు సంబరమే. అయితే ఆ మొక్కను కాపాడుకోవలసింది డిసెంబరు, జనవరి నెలల్లో. అప్పుడు దాని ఊసు ఎవరూ ఎత్తరు. అందుకే ఈ ఉత్తరం.

మా ఇంట్లో ఈ దుంప 1994 నుంచి ఉంది. మా అమ్మ రామచంద్రపురం నుంచి పాత పేపరులో చుట్టి తెచ్చి, తన చేత్తోనే పాతింది. ఆ ఒక్క దుంపా పిలకలేసి ఇప్పుడు తొమ్మిది కుండీలయ్యాయి. ఏప్రిల్ ఆఖర్లో ఒక్క జల్లు పడితే చాలు, మట్టిని చీల్చుకుని చిలక ముక్కులా మొన పైకొస్తుంది. ఆకుతో పాటు, ఒక్కోసారి ఆకు కంటే ముందే. ఒక పువ్వు అంటాం గానీ నిజానికి అది బోలెడు చిన్న పూల గుత్తి. మా మనవరాలు ఒకసారి కూర్చుని లెక్కపెడితే నూట ముప్పై దాకా వచ్చి లెక్క తప్పింది. వారం, పది రోజులకు వాడిపోతుంది. అంతటితో పని అయిపోయిందని ఆకులు కోసేయకూడదు. వానాకాలమంతా దుంపకు తిండి పెట్టేది ఆ ఆకులే. కార్తీకం దాటాక అవే పండి రాలతాయి. సంక్రాంతికి చూస్తే కుండీలో ఉత్త మట్టి.

రెండేళ్ల కిందట సరిగ్గా ఆ రోజుల్లోనే నేను హైదరాబాదులో మా అమ్మాయి దగ్గరున్నాను. మేడ మీద అద్దెకున్న అమ్మాయి, పండక్కి వాకిలి కళగా ఉంటుందని, నాలుగు కుండీల్లో మట్టి కొబ్బరిచెట్టు మొదట్లో పారబోసి బంతి మొక్కలు పెట్టింది. పాపం, నా కోసమే చేసింది. వచ్చి చూశాక నాకు కాళ్లాడలేదు. అమ్మ పాతిన దుంప ఆ నాలుగింటిలోనే ఉంది. మట్టి కెలికితే మూడు దొరికాయి. నాలుగోది మే నెలలో కొబ్బరిచెట్టు పక్కన తనే పూసింది. ఆ పిల్లే ముందు చూసి, “పిన్నిగారూ!” అని కేకేసింది.

ఇప్పుడు ఆకు రాలగానే కుండీ అంచుకు ఎర్ర గుడ్డపీలిక కట్టి, వాన పడని చోట వసారాలో పెడుతున్నాను. నిద్రపోయే దుంపకు రోజూ నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది. ఇంకో మాట, ఈ మొక్క విషం. పిల్లలూ దూడలూ నోట పెట్టకుండా చూసుకోవాలి.

చంద్రకాంత కూడా ఇంతే. ఎండలకు పైన మోడైనా, లోపల గడ్డ బతికే ఉంటుంది, తొలకరికి లేస్తుంది. మల్లెకైతే మనమే జనవరిలో నీళ్లు మాన్పించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూస్తాం. మళ్లీ నీళ్లూ ఎరువూ అందాక, ఉగాది నాటికి పొదంతా మొగ్గలే.

కడియం నర్సరీల్లో మే పువ్వు విచ్చుకున్న కుండీని చూసి ముచ్చటపడి కొనుక్కెళ్లేవాళ్లు ఎందరో. అమ్మేవాళ్లు ఈ నిద్ర సంగతి ఒక్క ముక్క చెప్పి పంపితే బాగుంటుంది. మీరు కూడా వచ్చే డిసెంబరులో, అదే జిల్లా పేజీలో, ఆకు లేని కుండీ ఫొటో ఒకటి వేయండి. మా వసారాలోది తీసి పంపిస్తాను.

– ఒక పాఠకురాలు, మండపేట