డిగ్రీ ఆప్షన్లు పీఆర్వోల చేతుల్లోనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను వారాసిగూడలో చిన్న ఇంటర్నెట్, జిరాక్స్ సెంటర్ నడుపుతున్నాను. 2016లో దోస్త్ (రాష్ట్రంలో డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే పద్ధతి) మొదలైనప్పటి నుంచి చుట్టుపక్కల బస్తీల పిల్లలకు డిగ్రీ దరఖాస్తులు నింపిపెడుతున్నాను. అంతకుముందు ఏ కాలేజీలో సీటు కావాలంటే ఆ కాలేజీకి వెళ్లి దరఖాస్తు కొనుక్కోవాలి, మళ్లీ వెళ్లి ఇవ్వాలి, లిస్టు పెట్టిన రోజు మళ్లీ వెళ్లి చూసుకోవాలి. బస్సు చార్జీలకే వందలు అయ్యేవి. ఇప్పుడు మొదటి విడతలో 200 రూపాయలు కట్టి రిజిస్టర్ అయితే చాలు, ఉస్మానియా, కాకతీయ, పాలమూరు ఏ యూనివర్సిటీ కిందున్న కాలేజీకైనా ఇక్కడే కూర్చుని ఆప్షన్ పెట్టుకోవచ్చు. ఎన్నయినా పెట్టుకోవచ్చు. పేద పిల్లలకు ఇంతకంటే మంచి పద్ధతి లేదని నా నమ్మకం. అందుకే ఆ పద్ధతిని పిల్లల చేతుల్లోంచి లాక్కుంటున్న ప్రైవేటు కాలేజీల పీఆర్వోల గురించి, అంటే పిల్లలను చేర్పించడానికి తిరిగే మనుషుల గురించి, ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయినేడు మొదటి విడత సీట్లు ఇచ్చిన రోజు మధ్యాహ్నం పార్సిగుట్ట నుంచి ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. పిల్ల సీఈసీ, వెయ్యికి ఎనిమిది వందల డెబ్భై పైన మార్కులు. ఫోన్ నా ముందు పెట్టి, "అన్నా, సీటొచ్చిందని మెసేజ్ వచ్చింది. నేనింకా ఆప్షన్లే పెట్టలేదు" అంది.

పిన్ తెలియదంటే కొత్త పిన్ తెప్పించి లాగిన్ అయ్యాను. ఆప్షన్లు మూడే ఉన్నాయి. మూడూ ఒకే ప్రైవేటు కాలేజీ, గ్రూపులు మాత్రం వేరు. ఎలా జరిగిందని అడిగితే నెమ్మదిగా చెప్పింది. ఇంటర్ ఫేర్‌వెల్ రోజు ఆ కాలేజీ పీఆర్వో వచ్చి పిల్లలందరికీ రైటింగ్ ప్యాడ్, పెన్ను ఇచ్చి, పేరు, హాల్‌టికెట్ నంబరు, ఫోన్ నంబరు రాయించుకున్నాడట. రిజల్ట్ వచ్చాక ఫోన్ చేసి "రిజిస్ట్రేషన్ ఫ్రీగా చేస్తున్నాం, ఓటీపీ వస్తది చెప్పమ్మా" అన్నాడట. ఆధార్‌కు లింకు అయింది తల్లి నంబరు. ఆమె వంటింట్లో ఉండి, ప్రభుత్వం వాళ్లే అనుకుని ఓటీపీ చెప్పేసింది. తర్వాత వచ్చిన పిన్ కూడా చెప్పింది. ఆ పిల్ల నిజాం కాలేజీలోనో కోఠి మహిళా యూనివర్సిటీలోనో బీకాం చదవాలని టెన్త్ నుంచి అనుకుంటోంది. ఆమె మార్కుల సంగతి అలా ఉంచండి, ఆ రెండు పేర్లు ఆమె ఆప్షన్లలో లేనే లేవు. పెట్టని ఆప్షన్‌కు సీటు ఎక్కణ్నుంచి వస్తుంది?

ఉన్న సీటు పోకుండా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి రెండో విడతలో కొత్తగా ఆప్షన్లు పెట్టించాను. అప్పటికి పెద్ద కాలేజీల్లో బీకాం సీట్లు చాలా వరకు నిండిపోతాయి. చివరికి ఇంకో ప్రభుత్వ కాలేజీలో దొరికింది. బాగానే చదువుకుంటోంది. కానీ మొదటి విడతలో ఆమెకు రావలసిన అవకాశం ఒక రైటింగ్ ప్యాడ్‌కు పోయింది. ఆ రోజు తల్లి "నేనే చెప్పిన సార్ నంబరు, నేనే చెడగొట్టిన" అని ఏడ్చింది. ఆమె తప్పు ఏముంది? ఇలాంటి పిల్లలు ఆ ఒక్క జూన్‌లోనే నా దగ్గరికి పదకొండు మంది వచ్చారు. పేర్లు నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను.

డిగ్రీయే కదా, ఏ కాలేజీ అయితే ఏంటి అనేవాళ్లు చాలామంది. డబ్బు సంగతి తెలియక అంటారు. 2008 నుంచి మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. ప్రభుత్వ కాలేజీలో ట్యూషన్ ఫీజు తక్కువ, అది కూడా ఈపాస్‌లో (ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్) వస్తుంది. ప్రైవేటు కాలేజీలో ట్యూషన్ ఫీజు ఈపాస్‌లో వచ్చినా, ల్యాబ్ అని, యూనిఫాం అని, కోచింగ్ అని విడిగా అడుగుతారు. ఫోన్లో మాత్రం "అంతా ఫ్రీ" అనే చెబుతారు. పైగా రీయింబర్స్‌మెంట్ అందరికీ రాదు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఏడాదికి 2 లక్షలు, బీసీలు, ఈబీసీలు, మైనారిటీలకు పట్నంలో 2 లక్షలు, ఊళ్లో లక్షన్నర ఆదాయ పరిమితి. ఈ పరిమితి చాలా ఏళ్లుగా అదే ఉంది. నెలకు 17 వేలు తెచ్చుకునే ఇంటికి ఏడాదికి 2 లక్షల 4 వేలవుతుంది. భార్యాభర్తలిద్దరూ పనికి పోయే ఇల్లు హైదరాబాద్‌లో ఆ గీత ఎప్పుడో దాటేసింది. పరిమితి పెంచాలని నేనే కాదు, నా దగ్గరికి వచ్చే ప్రతి తండ్రీ అంటాడు.

రీయింబర్స్‌మెంట్ ఉన్నవాళ్లకు ఇంకో బాధ. బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్‌లు చేసిన సంగతి మీ పత్రికలో వచ్చిందే. ప్రభుత్వం ఇవ్వకపోతే కాలేజీ వాళ్లు పిల్లల టీసీ, మెమోలు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మా గల్లీ కుర్రాడికి పీజీలో సీటొచ్చింది. చేరాలంటే టీసీ కావాలి. డిగ్రీ చదివిన కాలేజీలో "మీ మూడేళ్ల స్కాలర్‌షిప్ రాలేదు, కట్టి తీసుకుపో" అన్నారు. వాళ్లమ్మ నెలనెలా కట్టుకుంటున్న చిట్టీ తక్కువకు పాడి ఆ డబ్బు కట్టింది. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రింటు తీసి నా షాపు గోడకు అంటించాను. ఆ కాగితం చూపించినా కాలేజీ ఆఫీసులో పట్టించుకోలేదని ఆ కుర్రాడే వచ్చి చెప్పాడు.

బ్యాంకు లోన్ తీసుకోరాదా అంటారు కొందరు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో హామీ లేకుండా లోన్ ఇస్తారు. కానీ ర్యాంకులను బట్టి ఎంపిక చేసిన సంస్థల జాబితాలో ఉన్న కాలేజీలో చేరినవాళ్లకే అది. పీఆర్వో చేర్పించే కాలేజీలో చదివే పిల్లకు అందులో పనిలేదు.

ఈ నగరంలో మూడు సెంట్రల్ యూనివర్సిటీలు ఉన్నాయి. గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ కాగానే చేరే అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు ఉన్నాయని మా బస్తీలో పదిమందికి కూడా తెలియదు. 2022 నుంచి వాటికి సీయూఈటీ అనే దేశమంతటికీ ఒకటే ఉండే ప్రవేశ పరీక్ష రాయాలి. దాని దరఖాస్తుల గడువు ఇంటర్ రిజల్ట్ రాకముందే అయిపోతుంది. మే నెలలో నా దగ్గరికి వచ్చి అడిగితే నేను చెప్పగలిగింది ఏమీ ఉండదు. ఇది జనవరిలో క్లాసులో లెక్చరర్ చెప్పాల్సిన మాట. పగలు పనికి పోయే పిల్లలకు అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982 నుంచి ఉంది. అదీ చెప్పేవాళ్లు లేరు.

ఉన్నత విద్యా మండలిని, ఇంటర్ బోర్డును నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లల పేర్లు, నంబర్లు రాయించుకోవడానికి బయటి కాలేజీల మనుషులను జూనియర్ కాలేజీ గేటు లోపలికి రానివ్వొద్దు. ప్రభుత్వ కాలేజీయైనా ప్రైవేటు కాలేజీయైనా అంతే. దోస్త్ ఓటీపీ మెసేజ్ తెలుగులో రావాలి. "ఈ నంబరు చెబితే మీ బదులు వేరేవాళ్లు కాలేజీ ఎంచుకుంటారు" అని ఒక్క వాక్యం అందులో ఉంటే ఆ వంటమనిషి చెప్పేది కాదు. ఆప్షన్ పెట్టే పేజీలోనే ఆ కోర్సు ఫీజు మొత్తం ఎంత, అందులో ఈపాస్ ఎంత ఇస్తుంది, చేతి నుంచి కట్టేది ఎంత అనేది పక్కపక్కనే కనిపించాలి. ఆ పేజీలో చూపించని డబ్బు ఏ కాలేజీ అడిగినా ఫిర్యాదు చేయడానికి ఒక నంబరు ఉండాలి.

ఇంకొకటి చాలా అవసరం. రిజల్ట్ వచ్చిన వారం రోజులు ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇద్దరు లెక్చరర్లు, ఒక ఆధార్ కిట్ పెట్టి పిల్లల చేత వాళ్ల ఎదుటే ఆప్షన్లు పెట్టించాలి. ఇప్పుడు హెల్ప్‌లైన్ సెంటర్లు ఉన్నా, పని చేయి దాటిపోయాక అక్కడికి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఆధార్‌కు లింకు అయిన నంబరు ఎప్పుడో పారేసిన సిమ్ కావడం, ఊళ్లో ఉన్న మేనమామది కావడం రోజూ చూస్తాను. ఆదాయం సర్టిఫికెట్ పాతదై పోయి మీసేవ చుట్టూ తిరిగేవాళ్లను చూస్తాను. ఇవన్నీ రిజిస్ట్రేషన్ చివరి రోజు బయటపడితే ఎవరు దగ్గరుంటే వాళ్ల చేతికి ఫోన్ ఇచ్చేస్తారు.

మా దగ్గరి జూనియర్ కాలేజీలో అలాంటి వారం పెడతామంటే, నా దగ్గరున్న రెండు కంప్యూటర్లు, ప్రింటర్ తెచ్చి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటాను. పైసా తీసుకోను. ప్రిన్సిపాల్ గారు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే కబురు చేయండి.

- ఒక ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు,
వారాసిగూడ, హైదరాబాద్