మెడలో లైను వేసిన డాక్టరమ్మగారికీ, మిగతా అందరికీ

మా పాప ఇంటికొచ్చి ఇవాళ్టికి తొమ్మిది రోజులండి. పొద్దున్న ఉప్మాలో జీడిపప్పు ఏరుకుతిని, మిగిలింది తమ్ముడి కంచంలోకి తోసేసింది. అది చూశాక ఇది రాయడానికి కూర్చున్నాను.

డెంగీ. అయిదో రోజు జ్వరం దిగిందని సంబరపడ్డాం. అసలు గండం జ్వరం దిగాకే మొదలవుతుందని మాకు తెలీదు. సాయంత్రానికి కాళ్ళూ చేతులూ చల్లబడి, కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. ముందు చూపించిన చోట నరం దొరక్క తొమ్మిదిసార్లు గుచ్చారు. కావాలని చేశారనను గానీ, నాలుగోసారి తర్వాతైనా మావల్ల కాదని చెప్పాల్సింది.

అక్కణ్ణుంచి ప్రభుత్వాసుపత్రికి పరిగెత్తాం. డ్యూటీ డాక్టరుగారు నరం వెతుకుతూ కూర్చోకుండా, మోకాలి కింద ఎముకలోకే సూది దింపి సెలైను ఎక్కించారు. చూళ్ళేక మా ఆవిడ బయటికెళ్ళిపోయింది. కాకినాడ చేరేదాకా పాపని నిలబెట్టింది ఆ సూదేనండి. ఎదుర్లంక వంతెన మీద 108 బండి ఊగిపోతుంటే సెలైను సంచి చేత్తో నొక్కుతూ కూర్చున్న తమ్ముడూ, నీకు ముందుగా దణ్ణం.

కాకినాడలో పిల్లల ఐసీయూ డాక్టరమ్మగారు చెప్పారు, డెంగీలో రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి ఊరిపోతుందని. రొయ్యల చెరువు చేసేవాడికి గట్టు ఊట సంగతి వేరే చెప్పాలా? ఎంత నీళ్ళు పెట్టినా మట్టం నిలవదు. అలాగని సెలైను పోస్తూనే ఉంటే ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుందట. బీపీ నిలబడే మందు పెట్టాలి, అది చేతి నరంలోంచి కారితే అక్కడి చర్మం చచ్చిపోతుంది. ఎముకలో సూదేమో ఒక రోజుకు మించి ఉంచకూడదు. అందుకని మెడలో పెద్ద నరంలోకి లైను, అంటే మందులెక్కించే సన్నటి గొట్టం, వెయ్యాలన్నారు.

రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు చూస్తే 22 వేలే, పక్కనే మెదడుకెళ్ళే ధమని, అలాంటి చోట సూదా! గట్టిగానే అరిచాను. క్షమించండి డాక్టరమ్మగారూ. మీరు కాగితం నా మీదికి తోసి సంతకం పెట్టమనలేదు. స్కాను మిషను మంచం దగ్గరికి లాక్కొచ్చి, పాప మెడ మీద జెల్ రాసి నన్ను దగ్గరికి పిలిచారు. తెర మీద రెండు నల్లటి గుండ్రాలు. మెల్లగా నొక్కితే ఒకటి అప్పడంలా అణిగిపోయింది, రెండోది అణక్కుండా టకటకా కొట్టుకుంటోంది. "అణిగింది మనక్కావలసిన నరం అండి, కొట్టుకునేదాని జోలికి వెళ్ళం" అన్నారు. మంచం తలవైపు కిందికి దించగానే ఆ నరం కాస్త ఉబ్బడం నా కళ్ళతో చూశాను. మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముక కింద కూడా వెయ్యొచ్చు గానీ, అక్కడ రక్తం కారితే నొక్కిపెట్టడానికి వీలుండదు, మెడైతే వేలితో ఆపొచ్చన్నారు.

మా పిల్ల మీద కొత్త ప్రయోగమా అని కూడా అడిగేశాను. సూదిలోంచి తీగ పంపి, సూది తీసేసి, తీగ మీదుగా గొట్టం ఎక్కించే పద్ధతి 1953లో స్వీడన్‌లో సెల్డింగర్ అనే డాక్టరు పెట్టిందట. స్కానులో చూస్తూ గుచ్చమని ఇంగ్లండులో 2002లోనే చెప్పారట. అప్పుడు పెట్టాను సంతకం.

ఒక్కటే పోటు. గొట్టం లావు రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. ఎక్స్‌రే తీసి చివర సరైన చోటే ఉందని చూశాక గానీ మందు మొదలుపెట్టలేదు. తెల్లారేసరికి పాప పాదాలు వెచ్చబడ్డాయి.

రాత్రి మూడింటికి యానాం నుంచి బైకు మీదొచ్చి ప్లేట్‌లెట్లు ఇచ్చి, పెట్రోలు డబ్బులు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయిన కుర్రాడా, నీ పేరైనా అడగలేకపోయాం. బొప్పాయాకు రసం పంపిన బంధువులకూ థాంక్సే, ఐసీయూలో తాగించనివ్వలేదు.

ఇక రాత్రి డ్యూటీ సిస్టరుగారు. లైను ముట్టుకునే ప్రతిసారీ దాని మూతి స్పిరిట్ దూదితో 15 అంకెలు లెక్కపెట్టి మరీ తుడిచేవారు. రోజూ రౌండ్స్‌లో "ఇంకా అవసరమా, తీసేద్దామా" అని మీరే గుర్తుచేసేవారు. నాలుగో రోజు తీసేశారు. అన్నం ముట్టని మా ఆవిడకి మీ క్యారేజీ ఇచ్చేశారు చూడండి, అది మా దగ్గరే ఉండిపోయింది. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగిచ్చే అలవాటు మా ఇంట్లో లేదు. సోమవారం చెకప్‌కి వస్తున్నాం, మా ఆవిడ సున్నుండలు చుడుతోంది.