శంషాబాద్ నుంచి గన్నవరం 264 కిలోమీటర్లే, టికెట్ మీద గంటెందుకు?

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. శంషాబాద్ నుంచి గన్నవరానికి నేరుగా గీత గీస్తే సుమారు 264 కిలోమీటర్లు, అంటే 143 నాటికల్ మైళ్లు. టికెట్ మీద ఉండేది గంటకు అటూ ఇటూ. జెట్ విమానం గాలిలో ఉండేది అరగంట పైచిలుకే.

టికెట్‌లో వేసేది బ్లాక్ టైమ్. విమానం బే (నిలిపి ఉంచే చోటు) నుంచి కదిలినప్పటి నుంచి అవతలి బేలో ఆగేదాకా లెక్క. పుష్‌బ్యాక్, ట్యాక్సీ (నేల మీద నడక), రన్‌వే దగ్గర క్యూ అన్నీ అందులోవే. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి పడమటి నుంచి కొడుతుంది కాబట్టి, తూర్పుకు పోవాల్సిన విమానం ముందు గాలికి ఎదురుగా పడమటికి లేచి వెనక్కి తిరగాలి. 10,000 అడుగుల లోపు వేగం 250 నాట్లు (గంటకు 250 నాటికల్ మైళ్లు) దాటకూడదు. ఇంత చిన్న రూటులో ఎక్కడం, దిగడంతోనే దారి చాలావరకు అయిపోతుంది.

ఇదంతా న్యాయమైన సమయమే. పేచీ ఆపైన విమాన కంపెనీ అదనంగా కలిపే బఫర్‌తోనే. పావుగంట కలిపితే, పది నిమిషాలు లేటుగా బయల్దేరిన విమానం కూడా 'ముందే' దిగుతుంది!

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రయాణికుల నిబంధనలు (సెక్షన్ 3, సిరీస్ ఎమ్, పార్ట్ 4) ఈ బ్లాక్ టైమ్ మీదే నడుస్తాయి. అది రెండున్నర గంటల లోపైతే, రెండు గంటల ఆలస్యానికే భోజనం, ఫలహారం ఇవ్వాలి. రెండున్నర దాటి ఐదు గంటల లోపైతే మూడు గంటల ఆలస్యం దాకా అడగడానికి లేదు. సుమారు 1,360 కిలోమీటర్ల విశాఖ–ఢిల్లీ రూటు ఆ గీత పక్కనే ఉంది. షెడ్యూల్లో 2.30ని 2.35 చేస్తే చాలు, పిల్లలతో ఉన్న తల్లి ఇంకో గంట ఆగాల్సిందే. చెప్పకుండా రద్దు చేస్తే ఇచ్చే పరిహారం గంట లోపు రూటుకు 5,000, రెండు గంటల లోపు 7,500, ఆపైన 10,000 రూపాయలు. లేదా బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. ఇక్కడ విచిత్రంగా బఫర్ ప్రయాణికుడికే కలిసొస్తుంది. ఎటు కలిసొచ్చినా, గీత ఎక్కడ పడాలో తేల్చేది కంపెనీయే.

కొత్తగా డేటా పోగెయ్యక్కర్లేదు. బే వదిలిన, నేల వదిలిన, నేల తాకిన, బేలో ఆగిన నాలుగు సమయాలు జెట్ విమానాల్లో ఏకార్స్ (విమానం నుంచి నేలకు సందేశాలు పంపే వ్యవస్థ) ద్వారా నమోదవుతూనే ఉంటాయి. వేసవి, శీతాకాల షెడ్యూళ్లకు డీజీసీఏ ఆమోదం ఎలాగూ కావాలి. అప్పుడే గత సీజన్ రికార్డుల నుంచి రూటుకో ప్రామాణిక బ్లాక్ టైమ్ తేల్చి, భోజనానికీ పరిహారానికీ దాన్నే లెక్కలోకి తీసుకోండి. ప్రొపెల్లర్ల విమానం ఏటీఆర్‌కు, జెట్‌కు వేర్వేరుగా. రానూ పోనూ కూడా వేర్వేరుగా: సుమారు 2,550 కిలోమీటర్ల హైదరాబాద్–దుబాయ్ రూటులో శీతాకాలం పడమటి గాలులు పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు.

టికెట్ మీద మాత్రం దూరం, గాలిలో సమయం, బ్లాక్ టైమ్, మూడూ వేయించండి. ఒక్క లైను పడుతుంది.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల విమాన ప్రయాణికులు కొందరు